నాయన చూసిన ఎపిసోడ్

"నాయన సరే అన్నాడు."

మూడే మాటలు. ధర్మవరంలో, పట్టుచీరలకు డిజైన్లు గీసే షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని అంచు మీదికి చిలకలు దింపుతున్న ఓబిలేష్ ఫోన్లో ఆ మూడు మాటలు వెలిగాయి. గురువారం, అన్నాలవేళ. బయట ఎండ ఎప్పటిలాగే ఉంది. ఓబిలేష్‌కు మాత్రం వీధి మొత్తానికీ ఎవరో చలువపందిరి వేసినట్టు అనిపించింది.

ఎంతసేపు అట్లా కూర్చున్నాడో అతనికే తెలియదు. షాపు యజమాని రామాంజులు వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఏమప్పా ఓబిలేషూ, చిలకలు ఒకదాని వెనక ఒకటి పోవల్ల గదా. ఇవేంది, మూతులు ఆనించుకోనుండాయి?"

చూస్తే నిజమే. అంచు పొడవునా చిలకలన్నీ జతలు జతలుగా ఎదురెదురు నిలబడి ముద్దులాడుకుంటున్నాయి.

"కొత్త డిజైనన్నా," అన్నాడు ఓబిలేష్.

రామాంజులు ఫోను వైపు చూశాడు, చిలకల వైపు చూశాడు, ఎర్రబడిన ఓబిలేష్ చెవుల వైపు చూశాడు. "బాగానే ఉండాదిలే, తీసెయ్యొద్దు," అని తన పనికి పోయాడు.

ఓబిలేష్ మెట్ల మీదికి వచ్చి, ఆ మెసేజ్ పంపిన అరుణజ్యోతికి ఫోన్ చేశాడు. అవతల ఆమె నవ్వు వినిపిస్తోంది, ఇవతల ఇతని నవ్వు వినిపిస్తోంది. ఆ నిమిషానికి ఫోన్ కంపెనీవాళ్లు ఏ ప్లానులో పైసలు పట్టుకున్నా ఇద్దరికీ అభ్యంతరం లేదు.

"ఇంకో మాట ఉండాది," అంది చివరికి అరుణజ్యోతి. "విని భయపడొద్దు."

వాళ్ల నాయన సుంకప్పది శింగనమల. ఆర్టీసీలో కండక్టరు. ముప్పై ఏళ్లుగా బస్సులో మొగుడూ పెళ్లాల తగాదాలు వినీ వినీ ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడట. పిల్లోని అమ్మా నాయనా ఇద్దరూ కలిసి రావాలి. వక్కాకు పళ్లేన్ని చెరో పక్క పట్టుకుని, ఇద్దరూ నోరు తెరిచి పిల్లను అడగాలి. ఒకరు అడిగి ఇంకొకరు తల ఊపితే కుదరదు. రేపు ఏదన్నా అయితే 'నేను ఒప్పుకోలేదు, ఆయప్పే ఒప్పుకున్నాడు' అనే మాట రాకూడదని ఆయన పట్టు. ఈ ఆదివారమే రమ్మన్నాడు. మళ్లీ సెలవు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

ఓబిలేష్ మెట్ల మీద కూర్చుండిపోయాడు.

అతని అమ్మ ఆంజినమ్మ, నాయన శ్రీరంగప్ప ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఏడేళ్లయింది.

*

ఆ సంగతిని మొదట కనిపెట్టింది అరుణజ్యోతే. నాలుగు నెలల కిందట భుజానికి సంచీ, చేతిలో ప్రశ్నల కాగితాలతో వాళ్ల గడపలో నిలబడింది. కేబుల్ ఆఫీసు మనిషి అనుకుని ఓబిలేష్ పోయిన వారమే కట్టేశామని తలుపు సగం మూసేశాడు.

"నేను బిల్లుకు రాలేదప్పా. 'ముత్యాలవారి ముంగిలి' మీ ఇంట్లో ఎవరు చూస్తారో కనుక్కోను వచ్చినా."

సాయంత్రం ఏడు గంటల సీరియల్ అది. అరుణజ్యోతి అనంతపురంలో సైకాలజీ ఎం.ఏ. చదువుతోంది. ఆ సీరియల్లో అమ్మానాన్నలు పిల్లల్ని ఎట్లా పెంచుతున్నారు, ఒకరి కోపం ఇంటిల్లిపాదినీ ఎట్లా కదిలిస్తుంది, దాన్ని చూసేవాళ్లు ఏమనుకుంటారు అనేది ఆమె ప్రాజెక్టు. సీరియల్ చూస్తే డిగ్రీ ఇస్తారా అని ఓబిలేష్ ఎగతాళి చేశాడు. లోపలినుంచి ఆంజినమ్మ వచ్చి ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి టీవీ ముందు చాప వేసింది. ఏడేళ్లలో ఆ సీరియల్ గురించి ఆమెను ప్రశ్న అడిగిన మొదటి మనిషి మరి.

పక్క గదిలోనే మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకుని శ్రీరంగప్ప నేస్తున్నాడు. మధ్యలో తలుపు తెరిచే ఉంది. అరగంటలో అరుణజ్యోతి చెవిన పడిన మాటలు ఇవి: "ఒరే, మీ నాయనకు చెప్పు, కాఫీ చల్లారుతాండాదని." "మీ అమ్మకు చెప్పు, కండెలకు పట్టుపోగు చుట్టల్లని." "మీ నాయనకు చెప్పు, నాకు రెండే చేతులుండాయని." ఓబిలేష్ గడప దాటి అటు, గడప దాటి ఇటు. రెండు గదుల మధ్య నాలుగడుగుల దూరం.

పోయేటప్పుడు వాకిట్లో ఆమె అడిగింది. "మీ ఇంట్లో ముగ్గురుండారు గదా. మాటలన్నీ నీ మీంచే పోతాండాయే?"

"మా ఇంటి సంగతి నీ కాగితంలో రాసుకోవాకు," అన్నాడతను, కాస్త గట్టిగానే.

అప్పుడే వాన పడింది. అనంతపురం వైపు వాన సంగతి తెలిసిందే, వస్తానని చెప్పదు, వచ్చినా కూర్చోదు. ఆ పొద్దు మాత్రం నాలుగు నిమిషాలు ఉండిపోయింది. ఇద్దరూ ఒకే చూరు కింద ముడుచుకుని నిలబడ్డారు. అరుణజ్యోతి చినుకుల్లో వేలు తడిపి గోడ మీద మూడు చుక్కలు పెట్టి, గీతలు కలిపింది. ఇద్దరు మనుషులకు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కష్టమైతే మూడో మనిషిని మధ్యలోకి లాక్కుంటారని చెప్పింది. వాళ్లిద్దరికీ కుదుటగానే ఉంటుంది. మోత మాత్రం మూడో మనిషిది. చాలా ఇళ్లలో ఆ మూడో మనిషి బిడ్డే. ఆ బిడ్డ, తాను పక్కకు జరిగితే ఇల్లు కూలిపోతుందని నమ్ముతాడు.

ఓబిలేష్ గోడ వైపే చూస్తూ ఉన్నాడు. వాన ఆగింది. తడి చుక్కలు ఆరిపోతున్నాయి. తన గురించి తనకే తెలియని మాట ఎవరో చెప్పినట్టుంది.

"మళ్లీ ఎప్పుడొస్తావు?" అన్నాడు.

"ఏం, బిల్లు కట్టాల్నా?" అని నవ్వింది అరుణజ్యోతి.

ఆ నవ్వుతో అతని పని అయిపోయింది.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఆమె వచ్చేది. ప్రాజెక్టు అయిపోయినా వచ్చేది. ఆంజినమ్మ ఆమెకోసం ఉగ్గాని చేసి పెట్టేది. ఆ అమ్మాయి సీరియల్ కోసం రావడం లేదని ఆంజినమ్మకు తెలుసు. శ్రీరంగప్పకూ తెలుసు. తెలుసన్న మాట ఇద్దరూ ఓబిలేష్ ద్వారానే ఒకరికొకరు చెప్పుకున్నారు.

*

"నువ్వు మోసేది మానెయ్యల్ల," అంది అరుణజ్యోతి, ఆ గురువారం ఫోన్లో. "ఈ పొద్దు నుంచే. ఉప్పు మాట గూడా మోయొద్దు."

"ఆదివారం లోపల ఏమన్నా ఎక్కువ తక్కువైతే?"

ఆమె మాట మెత్తగా వచ్చింది. "ఓబిలేషూ, నేను మీ ఇంటికి కోడలుగా వస్తా. ఇంకో నాడెగా రాను."

మగ్గం మీద పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడెను చిన్నప్పటినుంచి చూస్తున్నవాడికి వేరే వివరణ అక్కరలేదు.

ఏడేళ్ల కిందట మొదలైంది ఇదంతా. ఓబిలేష్ ఇంటర్ పాసయ్యాడు. అమ్మ కాలేజీ అంది. నాయన ఆమెను అడక్కుండా మరునాడే కొడుకును మగ్గం గుంతలో కూర్చోబెట్టాడు. నా బిడ్డ సంగతి నాకు చెప్పకుండా తేల్చినోనితో నాకేం మాటలని ఆంజినమ్మ నోరు కట్టేసుకుంది. చివరికి ఓబిలేష్ పొద్దున కాలేజీకీ, సాయంత్రం మగ్గానికీ పోయి సగం రోజు అమ్మ కొడుకుగా, సగం రోజు నాయన కొడుకుగా డిగ్రీ పూర్తి చేశాడు. ఇద్దరి కోరికా తీరింది. మౌనం మాత్రం అట్లాగే నిలిచిపోయింది.

చిత్రమేమంటే, పెద్ద అంచు చీర ఒక్కరే నేస్తే నత్తనడకే, సరిగ్గా సాగాలంటే మగ్గం మీద ఇద్దరు కావాలి. ఒకరు గుంతలో కూర్చుని నేస్తే, ఇంకొకరు పక్కన కూర్చుని అంచు నాడె విసరాలి. ఈ ఏడేళ్లూ శ్రీరంగప్ప పక్కన కూర్చున్నది ఆంజినమ్మే. ఒక్క మాట లేదు, ఒక్క పోగూ తప్పలేదు. ఆయన కాలు కదిలితే ఆమె చెయ్యి కదిలేది.

గురువారం సాయంత్రం ఇంటికి వస్తూనే ఓబిలేష్ గడపలో నిలబడి చెప్పేశాడు. ఆదివారం శింగనమలకు ఇద్దరూ రావాలి, ఇద్దరూ అడగాలి. ఇకమీదట తాను ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పడు.

ఆంజినమ్మ టీవీ ముందుకు, శ్రీరంగప్ప మగ్గం ముందుకు పోయారు.

మొదటి గంట గడిచాక ఆంజినమ్మ టీవీ వైపు తిరిగి, "ఎవరికన్నా ఆకలైతాంటే, సంగటి చల్లారిపోతాండాది," అంది. శ్రీరంగప్ప మగ్గం దూలం వైపు చూసి, "నంచుకునేకి ఊరిబిండి ఉంటే వచ్చేవాళ్లు వస్తారు," అన్నాడు. "ఉండాది," అంది ఆంజినమ్మ, టీవీతోనే.

ఓబిలేష్ ఈ సంగతి చెబితే అరుణజ్యోతి హాస్టల్లో పడీపడీ నవ్వింది. టీవీని, దూలాన్ని మూడో మనుషులు చేసుకున్నారని, ఇది పుస్తకంలో లేదని, రాసుకుంటానని అంది. అతను నవ్వలేకపోయాడు. నాలుక చివర దాకా వచ్చిన మాటల్ని మింగుకోవడం ఎంత కష్టమో ఆమెకు తెలియదు. నాయన కళ్లజోడు కోసం తడుముకుంటుంటే, అది ఎక్కడుందో అమ్మకు తెలుసని తెలిసి కూడా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒకరు వేసింది ఇంకొకరికి తెలియక ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ చెప్పుకోలేదు. ముగ్గురూ తిన్నారు.

శుక్రవారం పొద్దున ఆంజినమ్మ యాడికి అనే ఊరికి ప్రయాణమైంది. అక్కడ ఆమె అక్క సిద్దమ్మ మనవరాలికి పేరు పెడుతున్నారు. రేపు పొద్దునకు వస్తానని తలుపు చెక్కతో చెప్పి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఆగి, టీవీ వైపు దిగులుగా చూసింది. ఆ సాయంత్రమే సీరియల్లో పెద్ద ఎపిసోడ్. ఎడమొహం పెడమొహంగా ఉన్న అమ్మానాన్నల మధ్య నలిగిపోయిన కూతురు స్వప్నిక, పెట్టె సర్దుకుని ఇల్లు వదిలి పోతుందా లేదా అన్నది తేలాలి.

సాయంత్రం ఓబిలేష్ షాపు నుంచి వచ్చేసరికి మగ్గం చప్పుడు లేదు. టీవీ ముందు, ఆంజినమ్మ చాప మీద, మోకాళ్లు కౌగిలించుకుని శ్రీరంగప్ప కూర్చుని ఉన్నాడు. ఎపిసోడ్ చివరికొచ్చింది. ఆయన కొడుకును చూసి కంగారుగా రిమోట్ వెతికాడు.

"సౌండు అలవాటైపాయరా," అన్నాడు. "అది లేకుంటే నేత సాగలే."

మగ్గం మీద చీర ఒక్క అంగుళం కూడా ముందుకు జరగలేదని ఓబిలేష్ చూడనే చూశాడు. మాట్లాడకుండా కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయి, ఒక్కడే చాలాసేపు నవ్వుకున్నాడు.

*

శనివారం మబ్బు పట్టింది. కొండల మీద గాలిమరలు బద్ధకంగా తిరుగుతున్నాయి. ఆంజినమ్మ బస్సు దిగి వచ్చి, చీర కొంగు నడుముకు దోపి నేరుగా మగ్గం పక్కన కూర్చుంది. శ్రీరంగప్ప అప్పటికే గుంతలో ఉన్నాడు. పది వరసలు నడిచాయి. పదకొండో వరసకు ఆంజినమ్మ చెయ్యి ఆలస్యమైంది. పన్నెండో వరసకు మళ్లీ ఆలస్యమైంది.

"ఒరే ఓబిలేషూ, నిన్న స్వప్నిక పోయెనా, ఉండెనా?"

"నేను చూడలేదమ్మా."

"ఫోన్లో పెట్టు మరి."

ఓబిలేష్ ఫోన్ జేబులోనే ఉంది. తీయడానికి చెయ్యి పోయింది కూడా. గోడ మీద ఆరిపోయిన మూడు చుక్కలు గుర్తొచ్చాయి.

"నాయన చూసినాడు," అన్నాడు. "నాయన్నే అడుగు."

అని బయటికి నడిచి అరుగు మీద కూర్చున్నాడు. నాడె ఆగిపోయింది. ఇక్కడ అది ఆగిన చప్పుడు ఎంత దూరానికైనా తెలుస్తుంది. లేచి లోపలికి పోయి, 'అమ్మకు చెప్పు నాయనా' అనబుద్ధయింది. అరుగు అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. తాను కదిలితే మళ్లీ ఏడేళ్లు. కదలకుంటే ఏమో తెలియదు. పక్కకు జరిగితే ఇల్లు కూలుతుందో నిలుస్తుందో ఈ రోజు తేలాలి.

ఎక్కడో దూరంగా ఉరిమింది.

"పాయ," అన్నాడు లోపల శ్రీరంగప్ప.

గొంతు బొంగురుగా ఉంది.

"పాప పెట్టె ఎత్తుకోని పాయ. వాళ్లమ్మా నాయనా ఇద్దరూ వాకిట్లో నిలబడిరి. ఎవరూ పిలవలే."

ఆంజినమ్మ గొంతు. "ఎవరూ పిలవలేదా?"

"వాళ్ల నాయన పిలుస్తాడని అమ్మ చూసె. అమ్మ పిలుస్తుందని నాయన చూసె. అంతలో బస్సొచ్చె."

"థూ, ఏం మనుషులు వాళ్లు," అంది ఆంజినమ్మ.

ఆ మాట ఎవరిని తాకిందో ఇద్దరికీ తెలుసు. బయట అరుగు మీద కూర్చున్నవాడికీ తెలుసు.

"ఆంజినీ," అన్నాడు శ్రీరంగప్ప. "ఆ పొద్దు నిన్నడక్కుండా వాన్ని గుంతలో కూర్చోబెట్టినా. తప్పే."

"తప్పని ఎప్పుడు తెలిసె?"

"ఆ పొద్దు సాయంత్రమే."

"మల్ల చెప్పలేదేం ఇన్నేండ్లూ?"

"వాన్తో చెప్పి పంపిద్దామనుకుంటి, ఎన్నోసార్లు. అన్ని మాటలూ వాన్తో పంపినా. ఆ ఒక్క మాట మాత్రం వాన్తో పంపేది కాదనిపించె."

అరుగు మీద ఓబిలేష్ కళ్లు మసకబారాయి. సరిగ్గా అప్పుడే వాన చినుకు ఒకటి వచ్చి ముంజేతి మీద పడింది కాబట్టి, ఎవరన్నా చూసినా వాననే అనుకుంటారు.

లోపల ఆంజినమ్మ ముక్కు చీదుకుంది. ఆ తర్వాత ఆమె అన్న మాట అతను పెళ్లయ్యాక కూడా చాలాసార్లు తలుచుకుంటాడు.

"నేనూ ఆ వారమే అలక తీరి కూర్చోనుంటి. నువ్వు పిలుస్తావని చూస్తాంటి."

నాడె మళ్లీ కదిలింది. టక్, టక్. వానా మొదలైంది. ఈసారి తొందరేమీ లేనట్టు నిదానంగా, మట్టిని ఒక్కో చినుకుతో పలకరిస్తూ పడింది. ఓబిలేష్ తడుస్తూనే కూర్చున్నాడు. ఇల్లు కూలలేదు. లోపల ఇద్దరు మనుషులు ఏదో మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో వినపడడం లేదు. తనకు వినపడకుండా వాళ్లు మాట్లాడుకోవడం ఎంత బాగుందో ఎవరికి చెబితే అర్థమవుతుంది? ఒక్కరికే అర్థమవుతుంది. ఆమె శింగనమలలో రేపటి ఓళిగలకు బెల్లం సరిపోతుందా అని చూసుకుంటూ ఉంటుంది.

అరగంటకు లోపల గొంతులు పెరిగాయి. ఓబిలేష్ ఉలిక్కిపడి గడప దగ్గరికి పోయాడు. ఆంజినమ్మ పెట్టెలోంచి తీసిన రెండు చీరలు ఒళ్లో పెట్టుకుని ఉంది. శ్రీరంగప్ప గుంతలోంచి పైకి వచ్చి తువ్వాలు దులుపుతున్నాడు.

"ఒరే, మీ నాయనకు చెప్పు, ఆరున్నర బస్సుకే పోవల్ల..." అని ఆంజినమ్మ మొదలుపెట్టి, మధ్యలో ఆగింది. కొడుకు తడిసిన ముఖాన్ని చూసింది. మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"రేప్పొద్దున ఆరున్నర బస్సుకు పోతాండాం. ఇద్దరం. పళ్లెం ఆ పక్క నువ్వు పట్టుకో, ఈ పక్క నేను పట్టుకుంటా. ముందు నువ్వడుగు, వెంటనే నేనడుగుతా."

"అడుగుదాంలే," అన్నాడు శ్రీరంగప్ప. "ఏడున్నర బస్సు ఉండంగ ఆరున్నరకు ఏం పనీ?"

"పిల్లను అడిగేకి పోయేవాళ్లు ఎండెక్కినంక పోతారా?"

"ఆడ దిగేకి పదన్నా అయితాది, ఎండెక్కకుండా ఏమయితాది?"

ఓబిలేష్‌ను ఇద్దరిలో ఎవరూ ఏమీ అడగలేదు. అతను చల్లగా అరుగు మీదికి వచ్చి, తడి వేళ్లతో అరుణజ్యోతికి మెసేజ్ కొట్టాడు.

"రేపు ఇద్దరూ వస్తాండారు. ఏ బస్సుకో ఇంకా తేల్లేదు, కొట్లాడుకుంటాండారు."